వైరాగ్యమా, వ్యాధియా?

మన వార్షిక సంచికకు ధర్మవిషయముపై ఏదైన వ్రాయవలసినదని సంపాదకులు కోరిరి. నేను పండితుడను కాను. హైస్కూలుతో చదువు ముగించి, తండ్రిగారి వెనుక బట్టల కొట్టులో గద్దెమీద కూర్చున్నవాడను. శాస్త్రచర్చ చేయుటకు నాకు అర్హత లేదు. అయినను, ధర్మము తెలిసినదనుకొన్న నా వంటివాడు తన ఇంటిలోనే ఎంత పొరపాటు చేయగలడో చెప్పుటకు మాత్రము నాకు అర్హత గలదు. అది నలుగురికి ఉపయోగపడునేమోయని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ప్రశ్న ఇది. ఒక మనిషి తిండి తగ్గించెను. మాట తగ్గించెను. డబ్బుమీద, మంచి బట్టమీద, బంధువులమీద ఆసక్తి వదలెను. ఒంటరిగా కూర్చుండును. ఇతనికి కలిగినది వైరాగ్యమా, వ్యాధియా? ఇతరుల ఇండ్లలో ఈ సందేహము త్వరగానే పుట్టును. ఉపవాసమును, మౌనమును, త్యాగమును గౌరవించు మన ఇండ్లలో అది పుట్టుటకు చాల కాలము పట్టును. ఆ ఆలస్యమే ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకము కావచ్చును.

నా తమ్ముని సంగతి చెప్పెదను. అతని సమ్మతితోనే వ్రాయుచున్నాను. పేరు మాత్రము వద్దనెను.

మేము మూడు తరములుగా బరంపురములో వ్యాపారము చేసుకొనుచున్నాము. కొట్టు లెక్కలన్నియు తమ్మునివే. చిట్టా ఏనాటిది ఆనాడే ఆవర్జాలోనికి ఎక్కవలసినదే. లేనిచో అతనికి అన్నము సహించెడిది కాదు. 2021 వేసవి తరువాత అతడు మారెను. అంతకు ముందటి ఏడాది కరోనా వచ్చినప్పుడు మా గంజాము జిల్లా ఎట్లు అల్లాడినదో అందరికి తెలియును. సూరతు మగ్గములకు పోయిన మనవారు వేలకొలదిగ తిరిగివచ్చిరి. బేరములు లేవు. తెలిసినవారు పోయిరి. అందరము దిగులుపడితిమి. కాని మా దిగులు క్రమముగ తీరెను, అతనిది తీరలేదు.

ఆ సంవత్సరము పర్యుషణ పర్వములలో అతడు వరుసగ ఉపవాసము లుండెను. 48 నిమిషముల సామాయికమునకు కూర్చున్నవాడు రెండు గంటలైనను లేవకుండెను. చూచినవారందరు, "మీ తమ్మునికి ఎంత వైరాగ్యము!" అని మెచ్చుకొనిరి. నేనును గర్వపడితిని. పర్వము ముగిసిన పిదప కూడ అతడు సరిగా తినలేదు. అదియును పుణ్యమే యనుకొంటిని. అతడు బక్కచిక్కుచుండగా నేను పదిమందిలో పొగడుచుంటిని. ఈనాటికిని నన్ను బాధించునది ఇదే.

కార్తికమాసములో ఒకనాడు ఆవర్జా తెరచి చూచితిని. 19 దినముల లెక్క ఎక్కలేదు. నాకు కోపము వచ్చెను. "నీకేం తక్కువైంది? తిండి లేదా, ఇల్లు లేదా? మగవాడివి కావా?" అని గుమాస్తాల ఎదుటనే మందలించితిని. అతడు ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి మరదలు వంటింటి గడపవద్ద నిలిచి, "బావగారూ, ఆయన పడుకుని మూడు నెలలైంది. తెల్లవారుజామున మూడింటికే లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటారు. నేనుండి ఎవరికి లాభం అంటున్నారు" అనెను. అప్పుడు గాని నాకు కన్ను తెరపు కలుగలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదను. దానము చేసినవాని సంచియు ఖాళీయే. జేబు కొట్టబడినవాని సంచియు ఖాళీయే. పైకి చూచువానికి రెండును ఒకటే. కాని మొదటివాడు తాను ఇచ్చెను, రెండవవానినుండి పోయెను. వైరాగ్యము గలవాడు వదలినదానిని ఎఱిగి వదలును. అతని మనస్సు తేలికపడును, మాటలో దయ పెరుగును, నిద్ర చెడదు. కుంగుబాటు పట్టినవానికి తాను ప్రేమించినదే రుచి తప్పును. పూజయు రుచింపదు, పిల్లల నవ్వును రుచింపదు. తానొక బరువునని తన్ను తాను నిందించుకొనును. చేయవలెనని యుండును, చేయలేడు. రెండు వారములకు మించి ఇట్టి స్థితి దినమంతయు పట్టి యుండి, నిద్ర, ఆకలి, పని చెడినచో అది వైద్యునికి చూపవలసిన వ్యాధి.

ఇచట కొందరు పెద్దలు, "ఇది పూర్వకర్మ ఫలము, అనుభవించి తీర్చుకొనవలసినదే" అందురు. అట్లయినచో జ్వరమును కర్మఫలమే. కాలు విరుగుటయు కర్మఫలమే. కాని కాలు విరిగినవానిని కట్టు కట్టించుకొనవద్దని మనలో ఎవరును అనలేదు. మరికొందరు, "ఇది ఆర్తధ్యానము, పాపహేతువు, మనస్సు నిగ్రహించుకొమ్ము" అందురు. ఆర్తధ్యానము మంచిది కాదని నేనును విన్నాను. అయినను ఊపిరాడనివానిని గట్టిగా ఊపిరి పీల్చలేదని నిందించుట ఎట్టిదో, నిగ్రహించు శక్తియే వ్యాధిపాలైనవానిని నిగ్రహించుకొనలేదని నిందించుట అట్టిది. అహింస యనగా చీమను తొక్కకుండుట మాత్రమే కాదు. నేను గుమాస్తాల ఎదుట అన్న మాట హింస కాదా?

మన పెద్దలు నాలుగు దానములు చెప్పిరి: ఆహారదానము, ఔషధదానము, శాస్త్రదానము, అభయదానము. ఇంతకాలము ఇవి పరులకు చేయవలసినవే యనుకొంటిని. ఇంటిలోని రోగికి నాలుగును కావలసియుండునని తమ్మునివలన తెలిసికొంటిని.

మొదటిది శాస్త్రదానము, అనగా తెలివిడి. మా ఇంటిలో ఈ వ్యాధికి పేరే లేదు. మనవారు "మనసు బాగాలేదు" అని చెప్పరు. గుండె దడ, ఒళ్ళు మంటలు, తల బరువు, కడుపు ఉబ్బరము అని చెప్పుదురు. తమ్ముడును అట్లే చెప్పగా ఒక వైద్యుడు నాలుగు నెలలు గ్యాసుకు మందు ఇచ్చెను. 2015–16లో బెంగుళూరు నిమ్హాన్సువారు 12 రాష్ట్రములలో జరిపిన సర్వేనుబట్టి మన దేశములో పెద్దవారిలో సుమారు 20 మందిలో ఒకరికి జీవితములో ఎప్పుడైన ఒకసారి కుంగుబాటు కలిగినది. వారిలో చికిత్స అందనివారే ఎక్కువ. అనగా మన సభలో నూరుమంది కూర్చున్నచో ఐదుగురి సంగతి ఇది. మనకు తెలియకపోవుట వారు లేకపోవుటవలన కాదు.

రెండవది ఔషధదానము. ఊరిలో ఎవరైన చూతురని, ఇంటిలో పెండ్లి కెదిగిన పిల్ల యున్నదని, నేను తమ్ముని విశాఖపట్నము తీసికొనిపోవ నెంచితిని. మరదలే, "అంత దూరం నెలనెలా ఎవరు తీసుకెళ్తారు బావగారూ? ఇక్కడే చూపిద్దాం" అనెను. ఆమె చెప్పినదే న్యాయము. పర్లాకిమిడి మహారాజుగారి పేర 1962లో మన ఊరిలో నెలకొన్న మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రిలో మనోవ్యాధుల విభాగము గలదు. ఒడిశా ప్రభుత్వాసుపత్రులలో 2015 నుండి నిరామయ పథకము క్రింద మందులును ఉచితముగ ఇచ్చుచున్నారు. ఇంత దగ్గర గల దానిని చూడక నేను రైలు టిక్కెట్ల కొరకు చూచితిని!

అచట మరియొక చిక్కు వచ్చెను. 1936 ఏప్రిలు 1న గంజాము మద్రాసు రాజధానినుండి విడివడి ఒడిశాలో చేరెను. నాటినుండి మనము బజారులో ఒడియా, ఇంటిలో తెలుగు మాటాడుచున్నాము. తమ్మునికి ఒడియా బాగుగనే వచ్చును. కాని అది గజములు, ధరలు, బాకీలు చెప్పుకొను ఒడియా. డాక్టరుగారు "మనస్సులో ఎట్లున్నది?" అని అడుగగా అతనికి మాట రాలేదు. నేను మధ్య చెప్పబోయి, నాకు సిగ్గైన మాటలు మింగితిని. డాక్టరుగారు గ్రహించి నన్ను బయట కూర్చుండుమనిరి. పిదప తెలుగు వచ్చిన నర్సును పిలిపించిరి. తమ్ముడు ముప్పావు గంట మాటాడెను. రోగి మాటను రోగినే తన భాషలో చెప్పనీయవలెను. అన్నగారైనను అడ్డము రాకూడదు.

రక్తపరీక్ష చేయించి, థైరాయిడు దోషము, రక్తహీనత లేవని చూచిన పిదపనే మందు వ్రాసిరి. ఈ మందు వేసికొన్న మరునాడే గుణము కనిపించదు. రెండు మొదలు ఆరు వారముల వరకు పట్టవచ్చును. మొదట కడుపు వికారము వంటివి రావచ్చును. గుణము కనిపించిన పిదప కూడ సాధారణముగ ఆరు నెలలైనను వాడవలెను. తనంతట తాను ఒక్కసారిగ మానరాదు. మందుతోపాటు క్రమముగ కూర్చుండి మాటాడించు చికిత్సయు గలదు. వ్యాధి తేలికగ నున్నవారికి కొందరికి ఆ మాటాడించుటయే చాలును.

మన వారికి మాత్రమే కలుగు సందేహములు కొన్ని గలవు. గొట్టపు మాత్రల పైపొర తరచుగ జంతు సంబంధమైన జెలటినుతో చేయబడును. అది తెలిసిన మనవాడు మందు మానివేయును గాని డాక్టరుతో చెప్పడు. చెప్పినచో బిళ్ళ రూపములో నున్న మందు వ్రాయవచ్చును. అట్లే సూర్యాస్తమయము తరువాత ఏమియు పుచ్చుకొననివారు ఆ సంగతి ముందుగనే చెప్పినచో వేళ మార్చుటకు వీలుండును. తమ్మునికి ఉదయము వేళకు మార్చిరి. ఉపవాసము చేయదలచినప్పుడును డాక్టరును అడిగియే చేయవలెను.

మూడవది ఆహారదానము. దీనికి పెద్ద మాటలు అక్కరలేదు. మరదలు ప్రొద్దు గుంకకముందే కొంచెము పెసరపప్పు, కొంచెము అన్నము పెట్టి ఎదుట కూర్చుండెడిది. "తిను తిను" అని పోరలేదు. తానును తినెడిది. నేను ఉదయమున అతనితో పది నిమిషములు నడచెడివాడను. మొదటి వారము వీధి చివరివరకే పోగలిగితిమి. కొట్టులో లెక్కలన్నియు అప్పగింపక, దినమునకు ఒక్క పుట వ్రాయుమంటిని. ఒక పుట పూర్తియైన దినమున అతని ముఖము కొంచెము తేటపడెడిది.

నాలుగవది అభయదానము. ఇది అన్నిటికంటె కష్టమైనది. "నేనుండి ఎవరికి లాభం" అన్న మాట విన్నప్పుడు మనము భయపడి మాట మార్చుదుము. అట్లు చేయరాదని డాక్టరుగారు చెప్పిరి. "చనిపోవలెనని అనిపించుచున్నదా?" అని నెమ్మదిగ, సూటిగ అడుగవలెను. అడుగుటవలన ఆ తలంపు పెరుగదు. లోపల ఒంటరిగ మోయుచున్నది బయటికి వచ్చును. ఔనన్నచో ఆ మనిషిని ఒంటరిగ విడువరాదు. వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

ఇచట మన వారు ఒక భేదము తప్పక గ్రహింపవలెను. సల్లేఖన వేరు, ఈ కోరిక వేరు. సల్లేఖన గురువుల అనుమతితో, అంత్యకాలము సమీపించినప్పుడు, రాగద్వేషములు లేక స్వీకరించునది. దానిని గూర్చి 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు నిషేధించుటయు, ఆ నెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలుపుటయు అందరికి తెలిసినదే. అలసి, తన్ను తాను ద్వేషించుకొని చావు కోరుట ఆ వ్రతము కాదు; అది వ్యాధి లక్షణము. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడ ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగ భావించి ఆదుకొనవలెననియే చెప్పుచున్నది. మనోవ్యాధికిని ఇతర వ్యాధులతో సమానముగ బీమా ఇవ్వవలెనని ఆ చట్టములోనే గలదు.

మాకు అవసరమైన నాటికి లేని సాయము ఒకటి ఇప్పుడు గలదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అను ఫోను సేవను ప్రారంభించెను. 14416 నంబరుకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనను ఉచితముగ మాటాడవచ్చును. తెలుగులోను, ఒడియాలోను మాటాడవచ్చును. పేరు చెప్పుటకు సిగ్గుపడువానికిని, తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చున్నవానికిని, అట్టివానిని చూచి ఏమి చేయుటకు తోచని ఇంటివారికిని ఇది ఉపయోగపడును. ఈ నంబరును కొట్టులో, కేలెండరు ప్రక్కన వ్రాసి ఉంచితిని. మీరును ఉంచుడు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురమువద్ద తీరము దాటిన రాత్రి జ్ఞాపకమున్నదా? ఎన్నో ఇండ్ల కప్పులు ఎగిరిపోయినవి. మరునాడు కప్పు లేనివానివద్దకు పోయి "ధైర్యముగ ఉండుము, ఇది నీ కర్మ" అని ఎవరైన అనిరా? టార్పాలిను పట్టుకొని పోయితిమి, అన్నము పంపితిమి, పిల్లలను మన ఇంటిలో పండుకొనబెట్టుకొంటిమి. లోపలి కప్పు ఎగిరిపోయినవాని విషయములో మాత్రము మనము ఉపదేశము పట్టుకొని పోవుచున్నాము.

తమ్ముడు పూర్తిగ మారిపోయెనని వ్రాసినచో అది అసత్యమగును. మరుసటి వేసవికి నిద్ర వచ్చెను, ఆకలి వచ్చెను. 2023లో మరల కొంత కాలము కుంగెను. ఈసారి తానే నావద్దకు వచ్చి, "అన్నయ్యా, మళ్ళీ మొదలైంది, రేపు ఆసుపత్రికి వెళ్దాం" అనెను. మూడు నెలలు గోడ చూచినవాడు మూడవ దినముననే నోరు విప్పెను. ఇంతకంటె పెద్ద లాభమును నా వ్యాపారములో నేను చూడలేదు.

ఏటేట క్షమాపణ దినమున మనము చేతులు జోడించి, తెలిసియు తెలియకయు చేసిన తప్పులకు అందరిని క్షమింపుమని కోరుదుము. సరకు బాకీ ఉన్నవారిని, గొడవపడినవారిని, ఎఱుగనివారిని కూడ అడిగితిని. చికిత్స మొదలైన మరుసటి ఏడాది ఆ దినమున తమ్మునివద్దకు పోయి, తెలియక చేసినవి కాదు, తెలిసి అన్నవి చెప్పితిని. గుమాస్తాల ఎదుట అన్న మాటను, అతని ఆకలి చచ్చుటను నా గొప్పగా చెప్పుకొన్నదానిని పేరుపేరున చెప్పి క్షమింపుమంటిని. అతడు కొంతసేపు ఊరకుండి, "ఆ 19 రోజుల లెక్క రాసేశాను, చూశావా?" అనెను.

చూచితిని. ఒక్క పైసా తేడా లేదు.

సోదర సోదరీమణులారా, మీ ఇంటిలో మౌనముగ నున్నవారు ఎవరైన ఉన్నచో, వారిని మెచ్చుకొనుటకు ముందు ఒక్కమారు ప్రక్కన కూర్చుండి, "నిద్ర పడుతోందా?" అని అడుగుడు. ఇంతయే నా మనవి.