పాలకుడు మారినప్పుడు మాట మారవచ్చునా?

ధ్యానభాగము: యెహోషువ 9, 2 సమూయేలు 21:1–3



దావీదు దినములలో వరుసగా మూడు సంవత్సరములు కరవు కలిగెను. అతడు దేవునియొద్ద విచారించగా, కారణము వానలో గాక మాటలో కనబడెను. పూర్వము యెహోషువ గిబియోనీయులకు ప్రాణరక్షణ ప్రమాణము చేసియుండెను. వారు మోసముచేసి దానిని పొందినను, నాటి పెద్దలు మాట తప్పలేదు. తరములు గడచిన పిమ్మట సౌలు, తన జనులమీది ఆసక్తిచేత, దానిని మీరెను. ప్రమాణము చేసినవాడొకడు, మీరినవాడు మరియొకడు, ఆకలిగొన్నవారు ప్రజలు.

ఈ వృత్తాంతము మనకు దూరమైనది కాదు. 2014లో ఆంధ్రప్రదేశ్ విభజింపబడిన పిమ్మట, కృష్ణ ఒడ్డున అమరావతి రాజధాని కట్టుదుమని ప్రభుత్వము చెప్పగా, రైతులు 33,000 ఎకరములకు పైగా అప్పగించిరి. ఏటా ఎకరమునకు మెట్టకు 30,000, జరీబుకు 50,000 రూపాయల కౌలు, ఏటేటా పెంచుచు పదేండ్లు ఇత్తుమనియు, భూమిలేని కుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను ఇత్తుమనియు మాట యిచ్చిరి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగెను. 2019లో ప్రభుత్వము మారెను. ఆ యేటి చివర మూడు రాజధానుల మాట వచ్చెను. 2021 నవంబరులో ఆ చట్టము ఉపసంహరింపబడెను. 2022 మార్చిలో రాజధాని నిర్మాణము సాగింపవలెనని హైకోర్టు తీర్పు చెప్పెను. 2024లో మరల ప్రభుత్వము మారగా, 2025 మే 2న పనులు తిరిగి ఆరంభమాయెను.

ఈ నడిమి కాలములో పెద్ద కట్టడముల పునాదులలో నీరు నిలిచెను. రేపు ఏమగునో తెలియనిచోట సొమ్ము పెట్టువాడు పెట్టడు, అప్పిచ్చువాడు ఇయ్యడు. ధనవంతుడు తన ధనమును మరియొక పట్టణమునకు తీసికొనిపోగలడు. తాపీపనివాడు ఇల్లు విడిచి పని వెదకికొనవలెను. తోటలలో కలుపు తీసి బ్రదికిన కూలిస్త్రీ ఎక్కడికి పోవును? పాత పొలము పోయెను, కొత్త పని రాలేదు.

“మార్పు కొరకే గదా కొత్తవానిని ఎన్నుకొంటిమి, వెనుకటివాని మాటకు ఇతడేల బద్ధుడు?” అని కొందరందురు. ఇందులో న్యాయము లేకపోలేదు. చెడ్డ ఆలోచనను మార్చుకొనుట తప్పు కాదు. ఏ పక్షము మేలో చెప్పుటకు మేము పూనుకొనము. అయినను ప్రభుత్వము చేసిన ఒడంబడిక ఒక పాలకుని సొంత మాట కాదు, అది రాష్ట్రము తీర్చవలసిన అప్పు. తండ్రి వ్రాసిన నోటును కుమారుడు తీర్చుట మన పల్లెలు ఎరిగినదే. మార్చక తప్పనియెడల, నమ్మి యిచ్చినవాని నష్టమును ముందు పూడ్చి, పిమ్మట మార్చవలెను. దావీదు చేసిన మొదటి పని ఇదియే: నష్టపడినవారిని పిలిచి, పరిహారము ఏదని వారినే అడిగెను. ఆ తరువాత జరిగిన శిక్ష కఠినమైనది, మనము అనుసరింపవలసినది కాదు. ఆ అడుగుట మాత్రము నేర్చుకొనవలసినది.

గనుక ఓటు అడుగవచ్చువానిని, క్రొత్తగా ఏమి ఇత్తువని మాత్రమే గాక, ముందటివారి మాటను ఏమి చేసెదవని కూడ అడుగుదము. మనమును కూలివానికి ఒప్పుకొన్న కూలి, కౌలుదారునికి చెప్పిన గడువు తప్పకుందము. మన పాలకులకును మనకును మాట నిలుపుకొను మనస్సు ప్రభువు అనుగ్రహించునుగాక. ఆమేన్.