ఐదో తరగతి తర్వాత...



పిల్లలు అల్లాహ్ మనకప్పగించిన అమానతు. కాని ఐదో తరగతి దాటగానే కొన్ని ఇళ్లలో లెక్క మారిపోతుంది. అబ్బాయికి బడి వెతుకుతాం, అమ్మాయికి మాత్రం "ఇక చాలు" అంటాం. ప్రళయదినాన ఇద్దరి గురించీ మనల్నే ప్రశ్నించడం జరుగుతుంది.

హిజ్రీ 2లో బద్ర్ యుద్ధం ముగిశాక, పరిహారం చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల చేస్తామన్నారు దైవప్రవక్త (స). ఆ గురువులు ముస్లిములు కారు, పైగా నిన్నటిదాకా శత్రువులు! కనుక టీచర్లు మనవాళ్లా కాదా అన్నది బడికి కొలమానం కాదు. దీన్ విద్య ఇంట్లో, మక్తబ్‌లో ఎలాగూ సాగాలి.

ఆరో తరగతిలో చేర్చేముందు సర్కారు బడికి స్వయంగా వెళ్లి చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికొక టీచరుండాలి. సైన్సు-లెక్కలకు, సాంఘికశాస్త్రానికి, భాషలకు కనీసం ఒక్కొక్కరుండాలి. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలి. దాని తలుపుకు గడియ, లోపల నీళ్లు ఉన్నాయా అన్నది తల్లులే చూడాలి, ఇది మగవాళ్లకు తట్టదు.

లోపం కనిపిస్తే బడి మార్చడమొక్కటే దారి కాదు. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం స్త్రీలే ఉండాలంటోంది ఆ చట్టం. ఆ సమావేశం రోజున ఒక పూట దుకాణం మూసైనా వెళ్దాం.