కరస్థలమున నున్నదేది?





ఇష్టలింగమును ఎడమ అరచేతియందు నిలుపుకొని, రెప్పవాల్చక దానినే చూచుచు పూజించుట మన ఆచారము. ఆ అరచేతికి శరణులు కరస్థలమని పేరిడిరి. నేడు అదే అరచేతియందు, అంతటి ఏకాగ్రతతోనే, మనలో అనేకులు చూచుచున్నది సెల్‌ఫోనును. పూజకు పావుగంట చిక్కదనువారికి దానికి రెండు గంటలు చిక్కుచున్నవి. ఇది పరనింద కాదు. నేనును వారిలో నొకడనే.

2018 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము లింగాయతమును ప్రత్యేక మతముగా గుర్తింపవలెనని కేంద్రమునకు సిఫారసు చేయ నిశ్చయించెను. వీరశైవులు, లింగాయతులు ఒకటియా, వేరా యను వాదము అచటి నుండి మన యిండ్లలోనికిని వచ్చెను. నా ఫోనులో ఒక పక్షము వారి ప్రసంగములే వచ్చుచుండెడివి. ఒకటి ముగియునంతలో అంతకంటె తీవ్రమైనది మరియొకటి. లోకమంతయు నాతో ఏకీభవించుచున్నదని నమ్మితిని. మా బావమరిది ఫోనులో రెండవ పక్షము. అతడును అట్లే నమ్మెను. ఒక శుభకార్యమున మాటకు మాట పెరిగి, పదునొకండు నెలలు రెండిండ్లకును రాకపోకలు నిలిచెను. నా భార్య తన పుట్టినింటికి పోవుదునని చెప్పుటకు నా యెదుట జంకెను. మా అత్తగారు లింగైక్యము చెందిన నాటి రాత్రి, మేమిరువురము ఒకే అరుగుపై కూర్చుండవలసి వచ్చినప్పుడు, మేనల్లుడొకడు మా రెండు ఫోనులను ప్రక్కప్రక్కన నుంచి చూపెను. ఒక్క ప్రసంగమైనను రెండింటను లేదు. ఒకే వంశము, ఒకే గురువు, ఒకే వాదము. అయినను మేము చూచినవి రెండు లోకములు.

తెరపై ఒకదాని వెనుక నొకటి వచ్చిపడు ఈ వరుసను ఫీడు అందురు. ఆంగ్లమున ఆ మాటకు మేత యనియు అర్థము కలదు. పేరిడినవారు సత్యమునే పలికిరి! ఫేస్‌బుక్ దీనిని 2006లో ప్రవేశపెట్టెను. ఇన్‌స్టాగ్రామ్ తొలుత కాలక్రమమున చూపెడిది. 2016లో ఆ క్రమమును విడిచెను. అప్పటి నుండి మనము దేనివద్ద ఎన్ని క్షణములు ఆగితిమో, దేనికి కోపించి బదులు వ్రాసితిమో లెక్కించి, మరల అట్టిదానినే ముందుంచు గణితమునకు అల్గారిథమ్ అని పేరు. మనము ఆగిన కొలది ప్రకటనలు చూతుము; వారికి రాబడి. కన్నప్ప మాంసఖండములను తాను ముందు రుచిచూచి, శివునకు ఏది హితమో దానినే అర్పించెను. ఈ యంత్రమును మన రుచిని చూచును. కాని మన హితమును కోరి కాదు.

దీని నుండి తప్పించుకొనుట సాధ్యమా? కొంతవరకు సాధ్యమే. ఇన్‌స్టాగ్రామ్ 2022లో, అనుసరించువారివి మాత్రమే కాలక్రమమున చూచు వీలును తిరిగి కల్పించెను. యూట్యూబ్‌లో మనము చూచినవాని చిట్టాను నిలిపివేసి, పాతదానిని తుడిచినచో, 2023 నుండి మొదటి పుట దాదాపు ఖాళీగా నుండును. ఐరోపా సమాఖ్య చట్టము చేసి, వ్యక్తి అభిరుచులను లెక్కింపని వరుసను కూడ చూపవలెనని పెద్ద సంస్థలను నిర్బంధించెను. నేను యూట్యూబ్ చిట్టాను తుడిచితిని. సాయంకాలము కొంత కాలము మిగిలినది, అబద్ధమెందుకు.

అయినను 2020 అమెరికా ఎన్నికల వేళ పరిశోధకులు జరిపిన ఒక పరీక్ష ఆలోచింపదగినది. దాని ఫలితము 2023లో సైన్స్ పత్రికలో వెలువడెను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కొందరికి అల్గారిథమ్ తొలగించి కాలక్రమమున చూపిరి. వారు అచట గడిపిన కాలము బాగుగా తగ్గినది. కాని నమ్మదగని మూలముల నుండి వచ్చినవి వారి కంటబడుట హెచ్చినది. మూడు నెలలలో వారి రాజకీయ ద్వేషములు చెప్పుకొనదగినంతగా మారలేదు. మీట మార్చినంత మాత్రమున చూచువాడు మారడు.

ఇక మన మార్గమున వెదుకుదము. షట్‌స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. లింగమునకు అర్పింపనిది ప్రసాదికి గ్రాహ్యము కాదు. ఆ నియమము అన్నమునకే పరిమితమని తలచుట పొరపాటు. కంటికి కనబడు రూపము శివలింగమునకు, చెవిని పడు శబ్దము ప్రసాదలింగమునకు అర్పితములు కావలెనని షట్‌స్థల శాస్త్రము. అనగా మనము చూచునదియు వినునదియు ఆహారమే. ఒకని యింటిగుట్టును రట్టుచేయు దృశ్యమును అర్పింపగలమా? దాయాదులను తిట్టించు ప్రసంగమును?

అర్పణకు నడుమ ఒక క్షణము కావలెను. పంక్తిలో వడ్డించువాడు చాలునన్నచో ఆగును. కడుపు నిండుటయు తెలియును. ఇచట విస్తరికి అడుగే లేదు. మొదటిది అర్పితమగునా యని యోచించులోపల రెండవది నోటిలో నున్నది. ఈ యంత్రము దొంగిలించునది ఆ క్షణమునే యని నాకు తోచినది. కనుక నేను ఒక కట్టుబాటు చేసికొంటిని: నేను పేరుపెట్టి పిలిచినదానినే చూతును, తానై వచ్చినదానిని చూడను. మఠము వరకు నడువలేని వృద్ధులకు ప్రవచనము ఆ తెర మీదనే లభించుచున్నది గనుక, ఫోనును పారవేయుమని చెప్పుట నాకు సమ్మతము కాదు. పదునాలుగేండ్ల పిల్లవానిని మాత్రము, నీ మనస్సును నీవే నిగ్రహించుకొమ్మని ఒంటరిగా విడుచుట అన్యాయము. అచట ఇల్లంతయు నియమము పాటింపవలెను, తండ్రితో మొదలిడి.

మఠముల వారికిని ఒక విన్నపము. మన ప్రసంగములకు కూడ కొందరు, పదిమంది ఆగి చూచుటకై, కయ్యమునకు కాలుదువ్వు శీర్షికలు తగిలించుచున్నారు. జంగమసేవకు ఆ ఎర యెందుకు?

పూజవేళ మా యింట ఫోనులు గోడగూటిలో నుండును. రాత్రి ఎనిమిది గంటలకు ఒకసారి తీసి బావమరిదితో మాటలాడుదును. మొన్న అతడే పిలిచి, ఆ పాత వాదమునే మరల ఎత్తెను. గంటసేపు వాదించుకొంటిమి. ఆ విషయమున మా అభిప్రాయములు నేటికిని కలియలేదు. వచ్చు సోమవారము వారింట భోజనమునకు పోవుచున్నాము.