విద్యార్థి రచన - అంకిత ధర్మము

విద్య దొంగలు ఎత్తుకొనిపోలేని ధనమని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. కాని విద్యావంతుని శ్రమను ఎత్తుకొనిపోవుట మిక్కిలి సులభము. ఒకరు ఏండ్ల తరబడి తాళపత్రములు వెదకి, శాసనములు చదివి, నలుగురు వృద్ధుల నోట విని వ్రాసిన పుటను మరియొకరు అర్ధగంటలో నకలు చేసి, పైన తన పేరు వ్రాసికొనిన చాలును. దీనినే మనవారు గ్రంథచౌర్యమనిరి.

నేడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలలలో చదువుకొను మన పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు, సెమినారు పత్రములు సమర్పింపవలసియున్నది. వారిలో కొందరు నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయమునకో, హైదరాబాదునకో పోయి పరిశోధన గ్రంథములు కూడ వ్రాయుచున్నారు. కావలసిన సమాచారమంతయు కంప్యూటరులోను, చేతిలోని ఫోనులోను దొరకుచున్నది. కృత్రిమ మేధను అడిగిన వ్యాసమే వచ్చి ముందర నిలుచుచున్నది. ఇట్టి కాలమున ఒకరి మాటను గ్రహించి వారి పేరు చెప్పకుండుట తప్పా, కాదా? తప్పయినచో ఎంతటి తప్పు? ఈ ప్రశ్న కళాశాలకే సంబంధించినదని మన కుటుంబములు ఊరకుండుట తగదు. ఇది మొదట ధర్మప్రశ్న. పరీక్ష ప్రశ్న ఆ తరువాతనే.

ఈ విషయమున మన యువకులలో వినిపించు ఒక వాదము కలదు. అది శరణుల పేరు చెప్పుకొని వచ్చు వాదము గనుక తేలికగా త్రోసివేయరాదు. వారనునదేమన: “జ్ఞానము శివుని సొత్తు. శరణులు ‘నేను’, ‘నాది’ అను భావమును విడిచిరి. వచనము చివర తమ పేరు కాక ఇష్టదైవము పేరే నిలిపిరి. బసవేశ్వరుని వచనములలో కూడలసంగమదేవుని పేరు, అల్లమప్రభువు వచనములలో గుహేశ్వరుని పేరు, అక్కమహాదేవి వచనములలో చెన్నమల్లికార్జునుని పేరు కనబడును. వ్రాసినవారే తమ పేరును విడిచినపుడు, గ్రహించినవారు ఆ పేరును పట్టుకొని వ్రేలాడుట ఎందులకు?”

వినుటకు ఇది వైరాగ్యమువలె తోచును. కాని విచారించినచో నిలువదు. మొదట అంకితమనగా ఏమో చూతము. శరణులందరును ఒకే దైవనామమును వాడలేదు. మడివాళ మాచయ్యది కలిదేవరదేవ అంకితము. మోళిగె మారయ్యది నిఃకళంక మల్లికార్జున అంకితము. సత్యక్కది శంభుజక్కేశ్వర అంకితము. అంబిగర చౌడయ్య తన పేరునే అంకితముగా నిలిపెను. ఒకరి అంకితమును మరియొకరు వాడక, ఎవరి ముద్ర వారు వేసిరి. అంకితము దైవమునకు నమస్కారము. అదే సమయమున ఈ అనుభవము ఎవరి హృదయమునుండి వచ్చెనో తెలుపు గురుతు.

ఈ గురుతు వలన కలిగిన మేలు సామాన్యమైనది కాదు. విజయపురమున న్యాయవాది యైన ఫ.గు. హళకట్టి గారు (1880 - 1964) ఇంటింట, మఠమఠమున తాళపత్రములు సేకరించి 1923లో వచనశాస్త్రసారమును వెలువరించిరి. కర్ణాటక ప్రభుత్వము 1993లో సమగ్ర వచన సంపుటములను పదునైదు భాగములుగా ప్రకటించెను. వేల కొలది వచనములను ఏది ఎవరిదో వేరుపరచుటకు పండితులకు ముఖ్యమైన ఆధారము అంకితమే. బట్టలుతికినవాడు, పడవ నడపినవాడు, కట్టెలు మోసినవాడు, నేలరాలిన బియ్యము ఏరినవాని ఇల్లాలు - వీరికి రాజశాసనములు లేవు, చరిత్ర వ్రాయించు ధనము లేదు. వారి పలుకు వారిదేయని ఎనిమిది వందల ఏండ్ల తరువాత కూడ మనము చెప్పగలుగుట ఆ ముద్ర వలననే. ఆ ముద్రను తుడిచియుండినచో పెద్దల పేర్లు ఎట్లో నిలిచియుండెడివి. మునిగిపోవువారు ఈ చిన్నవారే. నేటికిని అంతే. ప్రసిద్ధుని వాక్యమును దొంగిలించిన పదిమంది గుర్తింతురు. జిల్లా కళాశాలలో నిశ్శబ్దముగా పనిచేసిన అధ్యాపకుని పరిశోధనను దొంగిలించిన అడుగువారుండరు. ఆకరము చెప్పకపోవుట వలన మొదట నష్టపడువాడు బలహీనుడు.

ఇక అసలు వాదమునకు సమాధానము. శరణుడు విడిచినది తన ‘నాది’ని. ఎదుటివాని ‘నీది’ని ఏ శరణుడును విడిపింపలేదు. నా సొత్తును నేను దానము చేసిన అది త్యాగము. పొరుగువాని సొత్తును నేను ‘త్యాగము’ చేసిన దానిని త్యాగమందురా? పైగా ఒకరి వ్యాసమును నకలు చేసిన విద్యార్థి పేర్లనెల్ల విడిచెనా? లేదు; రచయిత పేరు తుడిచి అచట తన పేరు వ్రాసికొనెను. ‘నాది’ అను భావము అచట చావలేదు సరికదా, పరుల ఇల్లు కూడ ఆక్రమించెను. జ్ఞానము శివుని సొత్తే కావచ్చును. దానిని తవ్వి తీసిన చెమట మాత్రము ఒక మనుష్యునిది. ఆ చెమటకే కాయకమని పేరు.

కాయకమను మాట వచ్చినది గనుక ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథను స్మరింతము. కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమార్చన జరుపుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు కావలసిన దానికి మించినది మనది కాదు, ఎచట తెచ్చితివో అచటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను.

విద్యార్థి చేయు పని సరిగా మారయ్య పనియే. అతడు తెచ్చు గింజలు అతడు పండించినవి కావు. పూర్వులు పండించిన దానినుండి ఒక్కొక్క గింజ ఏరుటయే చదువు. ఏరుట తప్పు కాదు, అదియు కాయకమే. ఏ విద్వాంసుడును శూన్యమునుండి వ్రాయలేదు. తాను ఏరినదెంత, పరుల రాశినుండి వచ్చినదెంత అను లెక్క చెరిపివేయుటయే తప్పు. ఆకర నిర్దేశమనగా ఆ లెక్కను విప్పి చూపుట. పరుల గింజలను పరుల గింజలుగానే చూపినపుడు వాడుకొనుటకు అడ్డు లేదు. దాచినపుడు పిడికెడైనను అధికమే.

మన కవులు ఈ మర్యాదను ఎరుగుదురు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణము, అర్థహరణము అని విభాగించి, ఎంతవరకు గ్రహణము, ఎచట చౌర్యము అని అధ్యాయములే వ్రాసెను. మాట మార్చి భావము తీసికొనిన దొంగతనము కాదను నేటి విద్యార్థుల భ్రమకు ఆ ‘అర్థహరణ’మను పేరే సమాధానము. పాల్కురికి సోమనాథుని ద్విపద బసవపురాణమును ఆధారము చేసికొని భీమకవి 1369లో కన్నడ బసవపురాణమును రచించెను. తెలుగుననే పిడుపర్తి సోమనాథుడు దానిని పద్యకావ్యముగా మలచెను. ఆయన మూలకవిని మరుగుపరుపక, పాల్కురికి వాని గ్రంథమును గూర్చి ఓరుగల్లున జరిగిన కథను తన అవతారికలో చెప్పెను. ఒకే కథ, ఒకే పేరు. అయినను ఎవరును వీరిని చోరులనలేదు. తీసికొనుట బహిరంగముగా జరిగినచో అది పరంపర యగును. రహస్యముగా జరిగినచో చౌర్యమగును.

అంకితమును మార్చిన ఏమగునో మన కాలముననే చూచితిమి. 1996లో మాతె మహాదేవి గారు ప్రకటించిన బసవ వచన దీప్తిలో ‘కూడలసంగమదేవ’ అంకితమునకు మారుగా ‘లింగదేవ’ అని ముద్రింపబడెను. 1998లో కర్ణాటక ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. 2017లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును నిలిపెను. వారి ఉద్దేశమును ఇచట విచారింపబోము. అది పరుల మాటను తనదిగా చెప్పుకొనుట కూడ కాదు. నిషేధము తగునా తగదా అనుటయు వేరు చర్చ. మనము గ్రహింపవలసినది ఒక్కటే: వచనమునందలి తక్కిన మాటలన్నియు ఉన్నను, గురుతు ఒక్కటి మారినందుకే లక్షలమంది మనసు నొచ్చెను. పన్నెండవ శతాబ్ది వచనమున ఒక పదము మారిన సహింపలేని మనము, మన పిల్లవాడు మరియొకరి వ్యాసమున పేరే మార్చివేసిన చిన్న విషయమని నవ్వి ఊరకుండుట న్యాయమా?

ఆకరము తెగిన జ్ఞానమునకు కలుగు నష్టమును తెలిసికొనుటకు మన సీమను దాటి పోనక్కరలేదు. నాగార్జున కొండ శాసనములు 1926లో వెలుగులోనికి వచ్చెను. మూడవ శతాబ్ది ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఆరవ రాజ్యసంవత్సరమున మహాచైత్యమునకు స్తంభములు నిలిపించిన చాంతిసిరి పేరు అందు కలదు. ఆమె ధనమిచ్చెను గనుక ఆమె పేరు ఉండుట వింత కాదు. ఆ పనిని దగ్గరనుండి నడిపిన భదంత ఆనందుని పేరును కలదు. ఆయన ఏ గురువుల శిష్యుడో, దీఘ, మజ్ఝిమ నికాయములు ధరించినవాడని కూడ రాతిపై చెక్కిరి. దాత, పనివాడు, పనివాని గురువులు - అందరికిని స్థానమిచ్చిరి. పదునేడు శతాబ్దుల క్రిందటి ఆ రాతికంటె సంపూర్ణమైన ఆకర నిర్దేశము ఏ ప్రాజెక్టు రిపోర్టులో కలదు?

1955 డిసెంబరు 10న సాగరమునకు పునాది పడెను. లోయ మునుగక మునుపే తవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను కొండపైకిని, కొన్నింటిని అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. రాయి తరలిపోయినను విలువ పోలేదు. ఏలన, ఏ రాయి లోయలో ఎచటిదో వ్రాసి ఉంచిరి. ఆ వ్రాత లేనిచో అవి వట్టి రాళ్ల కుప్పలు. వాక్యమును ఒక గ్రంథమునుండి మరియొక గ్రంథమునకు తరలించుటయు ఇట్టిదే. ఊరు పేరుతో తరలిన వాక్యము సాక్ష్యమగును. ఊరు పేరు లేని వాక్యము పుకారగును. సరియో కాదో చూడగోరు పాఠకునకు దారి మూసికొనిపోవును. ఎడమ కాలువ క్రింద సేద్యము చేయు రైతు తన మడికి ఏ తూము నీరు వచ్చుచున్నదో చెప్పగలడు. ఆ రైతు బిడ్డ తన పుటకు ఏ గ్రంథపు నీరు వచ్చెనో చెప్పలేకుండుట శోచనీయము.

ప్రభుత్వమును ఈ విషయమున మేలుకొనెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో నియమములు చేసినది. పరిశోధన గ్రంథమున ఇతరుల రచనతో పోలిక నూటికి పది వరకున్న శిక్ష లేదు. పదికి మించి నలువది వరకున్న ఆరు నెలలలోపల సవరించి సమర్పింపవలెను. నలువదికి మించి అరువది వరకున్న ఒక సంవత్సరము వరకు సవరించిన ప్రతిని సమర్పింపనీయరు. అరువదికి మించిన రిజిస్ట్రేషనే రద్దగును. ఆకరము చెప్పి యథావిధిగా ఉటంకించిన భాగము ఈ లెక్కలోనికి రాదు. నియమము మంచిదే. కాని పదిలోపల తెచ్చుటకు మాటలు అటునిటు మార్చి యంత్రమును మోసగించువారు బయలుదేరిరి. యంత్రము పదములను లెక్కించును. మనసాక్షి ఋణమును లెక్కించును. నూటికి తొమ్మిది పాళ్లు దొంగిలించిన శిక్ష లేకపోవచ్చును, దోషము లేకపోలేదు.

ఆచరణకు కావలసినది పెద్ద విద్య కాదు. చదువునపుడే నోటుపుస్తకమున గ్రంథకర్త, గ్రంథము పేరు, ప్రకాశకులు, సంవత్సరము, పుట సంఖ్య వ్రాసికొనవలెను. ఉన్న మాట ఉన్నట్లు తీసికొనిన ఉద్ధరణ చిహ్నములుంచవలెను. భావము మాత్రమే తీసికొని తన మాటలలో చెప్పినను పేరు చెప్పవలెను. కన్నడమునుండియో, ఇంగ్లీషునుండియో తెనిగించి వ్రాసినచో మూలమును తెలుపవలెను. భాష మారినంత మాత్రమున సొత్తు మారదు. బసవపురాణమును గూర్చి వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1926 నాటి ముద్రణ పీఠికలో వెలిబుచ్చిన అభిప్రాయమును మరియొకరి పుస్తకమున చదివినచో, ఆ పుస్తకము ద్వారా తెలిసినదని వ్రాయుటయే సత్యము. పీఠికను తానే చదివినట్లు వ్రాయరాదు. ఊరి వృద్ధుడు చెప్పిన విషయమైన, వారి అనుమతితో పేరు, ఊరు, విన్న తేదీ వ్రాయవలెను. పుస్తకము వ్రాయనివాడు ఆకరము కాడనుకొనుట అహంకారము. కంప్యూటరులో చూచినదైన ఎచట, ఏనాడు చూచెనో తెలుపవలెను. కృత్రిమ మేధ సాయము తీసికొనినచో ఆ మాట ఒప్పుకొని, అది చెప్పిన ప్రతి సంగతిని మూలగ్రంథమున సరిచూడవలెను. లేని గ్రంథములను ఉన్నట్లు చెప్పుట దానికి కలదు.

పిల్లలకు ఇంత చెప్పిన తరువాత పెద్దలును తమ్ము చూచికొనవలెను. బిడ్డకు మార్కులు వచ్చిన చాలునని సిద్ధముగా దొరకు రిపోర్టునకు డబ్బు కట్టు తండ్రి, కాయకమును గూర్చి ఇంట ఏ నోటితో బోధించును? మన మఠముల జాతర సంచికలలోను, సంఘముల సావనీర్లలోను వచనముల తెలుగుసేత ముద్రించునపుడు అనువాదకుని పేరు విడువరాదు. పాతవ్యాసమును తిరిగి వేసినచో మొదట అచ్చయిన పత్రిక పేరు తెలుపవలెను. పెద్దలు ఆచరించినదే పిల్లలకు పాఠము.

ఋణము చెప్పుకొనిన విద్యార్థి చిన్నవాడు కాడు. పుట అడుగున పది పేర్లు వ్రాసినవాడు పదిమంది శరణుల సభలో కూర్చున్నవాడు. పేర్లన్నియు తుడిచినవాడు ఒంటరివాడు. పైగా పేర్లు వ్రాయుచు పోయినచో, ఈ రచనలో తన మాట ఎంత అని తనకే తెలియును. ఆ మాట రెండు వాక్యములే కావచ్చును. ఆ రెండు వాక్యములే అతని కాయకము. వానినే శివార్పణము చేయగలడు. మిగిలినది ముందే ఒకరు అర్పించినది. దానిని వారి పేరుతోనే శిరసావహించుట మన ధర్మము.

శరణు శరణార్థి.