పనిగంటలు, బడిగంటలు

జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున 8 గంటల పనిదినము 1912లోనే ఏర్పడినది. అది పెద్దల సంగతి. బడికి పోవుచు పనిచేయు 15 ఏండ్ల బాలుని మాట ఏమి?

2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము, 14 నిండి 18 నిండనివారికి అపాయము లేని పనులలో, విశ్రాంతితో కలిపి, దినమునకు 6 గంటలు మించరాదన్నది. పనికై కాచుకొన్న వేళను సైతము లెక్కించినది, మెచ్చదగిన సూక్ష్మదృష్టి! కాని బడిలో గడచిన వేళను ఆ లెక్కలో చేర్చలేదు. పగలెల్ల పాఠములు విని, సాయంకాలము సాక్చీ బజారులో తూకము పట్టినవాని దినము తండ్రి 8 గంటలను దాటిపోవచ్చును. రాత్రి 7 దాటిన పిదప పని నిషిద్ధమే. పాఠము వ్రాసికొను వేళ అప్పుడు గదా మొదలగును. గంటలు తగ్గింపుడనుట సులభము. కూలి తగ్గిన ఆ ఇంట బియ్యము తగ్గును. ఆ లోటు ఎవరు పూడ్చవలెనో చట్టము చెప్పలేదు.