చూసీ చూడనట్టు ఉండవచ్చునా?

"మాస్టారూ, మీకు ముందే తెలుసా?"

పాడేరు మన్యంలో ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆమె కొడుకు నా దగ్గర చదివాడు. చురుకైనవాడు. థింసా వాయిద్యం మోగితే కాలు నిలిచేది కాదు. తొమ్మిదో తరగతిలో దసరా సెలవుల తర్వాత మారిపోయాడు. క్లాసులో నిద్ర, ఎర్రబడిన కళ్లు, పాత స్నేహితులకు దూరం, జేబులో ఎక్కడివో తెలియని డబ్బులు. నేను చూశాను, అడగలేదు. వయసు అలాంటిది, అదే సర్దుకుంటుంది అనుకున్నాను. పదిలో బడి మానేశాడు. పంతొమ్మిదేళ్లకు ఎవరిదో గంజాయి మూట మోస్తూ చెక్‌పోస్టు దగ్గర పట్టుబడ్డాడు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు జైలు. మూట సొంతదారుకైనా, కూలికి మోసినవాడికైనా శిక్ష ఒక్కటే. సొంతదారు మాత్రం సాధారణంగా చెక్‌పోస్టు దగ్గర ఉండడు. అక్కడ ఉండేది మన పిల్లవాడే.

ఆ రోజు ఊళ్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: "మాకు అనుమానంగానే ఉండేది." కొట్టు అతనికి తెలుసు. మేనమామకు తెలుసు. తోటి పిల్లలకు తెలుసు. నాకూ తెలుసు. తల్లికి తప్ప అందరికీ తెలుసు. అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. మనం నోరు మూసుకుని కూర్చోలేదు. సంతలో చెప్పుకున్నాం, బావి దగ్గర చెప్పుకున్నాం, స్టాఫ్ రూములో చెప్పుకున్నాం. ఎవరికి చెప్పాలో వాళ్లకు తప్ప అందరికీ చెప్పుకున్నాం.

ఎందుకు చెప్పలేదు? నిజాయితీగా ఆలోచిస్తే మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, "అది వాళ్ల ఇంటి విషయం" అనుకోవడం. ఈ మాట మనది కాదనే నా నమ్మకం. ఇల్లు కట్టినా, నాట్లు వేసినా, పెళ్లి చేసినా ఊరంతా కదిలే బతుకు మనది. పోడు కాల్చే ముందు చుట్టూ ఎండుటాకులు ఊడ్చి బాట తీస్తాం. నిప్పు గీత దాటితే అది ఎవరి పొలమని అడగం, కొమ్మలు పట్టుకుని పరిగెత్తుతాం. పొలానికి చూపిన ఆ బాధ్యత పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి పరువు పేరుతో ఎందుకు ఆగిపోవాలి? పరువు కాపాడామని అనుకున్నాం. చివరకు ఆ కుటుంబానికి పరువూ మిగల్లేదు, కొడుకూ ఇంట్లో మిగల్లేదు.

రెండోది, భయం. చెబితే పోలీసులు పట్టుకుపోతారేమో అని. ఈ భయం ఊరికే పుట్టలేదు, కేసుల్లో నలిగిన కుటుంబాలను చూసి పుట్టింది. కానీ చట్టంలో మనకు తెలియని తలుపు ఒకటి ఉంది. వాడకానికో, స్వల్ప పరిమాణంలో దొరికినందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్లి, దాన్ని పూర్తి చేస్తే, ఆ కేసు నుంచి రక్షణ పొందే వీలును అదే చట్టంలోని 64ఎ సెక్షన్ ఇస్తోంది. గంజాయికి స్వల్ప పరిమాణం అంటే 1 కిలో వరకు. ఇక 18 ఏళ్లు నిండని పిల్లలకు మత్తుమందు ఇచ్చినా, వాళ్లతో మోయించినా, ఆ పని చేయించినవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద 7 ఏళ్ల వరకు జైలు పడుతుంది. అంటే తొందరగా మాట్లాడితే చట్టం పిల్లవాడి వైపు నిలబడగలదు. ఆలస్యమైతే అదే చట్టం అతనికి ఎదురు నిలబడుతుంది.

మూడోది చెప్పడానికి కష్టమైనది. "జీలుగు కల్లు తాగే నేను ఏ ముఖం పెట్టుకుని కొడుక్కి చెప్పను?" అని ఒక తండ్రి నన్ను అడిగాడు. పండగకు దేవతకు పెట్టి, పెద్దల ముందు, నలుగురితో కలిసి తాగడానికి మన ఆచారంలో ఒక హద్దు ఉంది. గంజాయి దాక్కుని పీల్చేది, డబ్బు కోసం బయటివాళ్లు పెంచి పోషించేది. ఈ తేడా నిజమే. అయినా దాని చాటున పెద్దలం దాక్కోకూడదు. రోజూ తాగి ఇంట్లో చెయ్యెత్తే తండ్రి ఆచారం పాటిస్తున్నాడని నేను అనలేను. తప్పు లేనివాడే చెప్పాలంటే మాత్రం చెప్పేవాడే దొరకడు. "నేనూ మానడానికి ప్రయత్నిస్తాను, నువ్వూ ప్రయత్నించు" అనే తండ్రి మాటకు నీతి పాఠం కంటే బలం ఎక్కువ.

2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన కొండల్లో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. మొక్కను బయటివాళ్లు నరకగలరు. పిల్లవాడి కళ్లలో మార్పును మాత్రం ఇంట్లోవాళ్లూ బడిలోవాళ్లే ముందుగా పసిగట్టగలరు.

మరి ఏం చేయాలి? గుట్కా, ఖైనీ, బీడీ దగ్గరే మొదలుపెట్టాలి. చాలామందికి మత్తు దారి అక్కడే తెరుచుకుంటుంది. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టమే చెబుతోంది. టీచర్లు ఆ కొట్టు ముందు నిలబడి ఒక్కసారైనా అడగాలి. పిల్లవాడిలో మార్పు కనిపిస్తే నలుగురిలో నిలదీయకూడదు, కొట్టకూడదు, హాస్టల్ నుంచి పంపేయకూడదు. పంపేస్తే వాడికి మిగిలే స్నేహితుడు ఆ మూట సొంతదారే. వాడు ఎవరి మాట వింటాడో చూసుకుని, మేనమామో, పెద్దమ్మో, ఆటల మాస్టారో ఒక్కరు పక్కన కూర్చుని "నిన్ను చూస్తే బెంగగా ఉంది, ఏమైంది?" అని అడగాలి. అదే వారం ఇంట్లో చెప్పాలి. మన చేయి దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 14446కు ఫోన్ చేస్తే సలహా ఇస్తారు.

ఊరికి ఇంకో పని ఉంది. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారాన్ని గ్రామసభకు గుర్తించింది. ఆ బలాన్ని పిల్లవాడి మీద కాకుండా బైకు, ఫోను ఆశ చూపించి ఊళ్లోకి వచ్చే దళారి మీద వాడాలి. అమ్మేవాడి సంగతి సభలో తేల్చాలి. పిల్లవాడి సంగతి పొయ్యి పక్కన మాట్లాడుకోవాలి.

యువతకూ ఒక మాట. స్నేహితుడి రహస్యం దాచడం స్నేహమే. వాడి ప్రాణం మీదికి వచ్చే రహస్యాన్ని దాస్తే అది వాడిని ఒంటరిగా వదిలేయడమే. నమ్మకమైన ఒక పెద్దకు చెప్పండి. వాడు నాలుగు రోజులు మీతో మాట్లాడకపోవచ్చు. ఫరవాలేదు.

ఆ తల్లి ప్రశ్నకు ఆ రోజు నేను "తెలుసమ్మా" అన్నాను. ఆమె తిట్టలేదు. "అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది మాస్టారూ" అని వెళ్లిపోయింది. ఇప్పుడు మా క్లాసులో వెనక బెంచీలో ఒక కుర్రాడు రెండు వారాలుగా నిద్రపోతున్నాడు. కాఫీ తోట పనికి వెళ్లి అలిసిపోతున్నాడేమో, మరేదైనానేమో నాకు తెలియదు. రేపు సాయంత్రం వాళ్ల ఇంటికి వెళుతున్నాను.