కొట్టేసిన పేజీ ఎవరిది?

రచయిత వద్దనుకుని పక్కన పడేసిన కాగితాన్ని, ఆ మనిషి పోయాక తీసి అచ్చు వేయించడం న్యాయమేనంటారా? నవలలు రాసుకునేదాన్ని గనక ఈ ప్రశ్న నాకు గట్టిగానే తగిలింది. తగిలించింది మాత్రం ఏ పుస్తకమో కాదు, బీటిల్స్ వాళ్ల 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'.

1967లో వచ్చిన ఆ ఆల్బమ్‌ని, యాభై ఏళ్లు నిండాయని 2017లో పెద్ద పెట్టెగా మళ్లీ వేశారు. ఆనాడు దాన్ని రికార్డు చేయించిన జార్జ్ మార్టిన్ 2016లో పోయారు. ఈ కొత్త మిక్సింగ్ ఆయన కొడుకు జైల్స్ చేశాడు. అప్పట్లో టేపుకి నాలుగే ట్రాకులు. అవి నిండితే అన్నీ కలిపి ఇంకో టేపుకి ఎక్కించేవారు. ఎక్కించినకొద్దీ శబ్దం కాస్త మసకబారేది. కొడుకు ఆ మసక పట్టకముందటి టేపులు వెతికి తీశాడు. వింటే చింతపండుతో తోమిన అమ్మమ్మ నాటి ఇత్తడి బిందెలా ఉంది. ఇందులో నాకేం పేచీ లేదు.

పేచీ అల్లా తక్కిన డిస్కులతోనే. వాటిలో ఉన్నవి వాళ్లు పక్కన పెట్టేసినవి. 'ఎ డే ఇన్ ది లైఫ్' చివర, మూడు పియానోల మెట్లు ఒక్కసారిగా నొక్కితే పుట్టిన నాదం 40 సెకన్లకు పైగా సాగి సన్నగిల్లుతుంది. దానికి ముందు అక్కడ అందరూ కలిసి నోటితో హమ్మింగ్ చేసి చూశారట. కుదరలేదని మానేశారు. ఆ హమ్మింగ్ ఇప్పుడు మన చెవిన పడుతోంది! జాన్ లెనన్ 1980లో, జార్జ్ హారిసన్ 2001లో పోయారు. వాళ్లనెవరు అడగగలరు? వద్దనుకోవడం కూడా రాయడంలో భాగమే కదా! నేను కొట్టేసిన పేజీ నా మాట కాదు, నేను కాదన్న మాట.

అయినా విన్నాను. ఆ హమ్మింగ్ వినకపోతే పియానో నాదం ఆకాశంలోంచి ఊడిపడిందనే అనుకునేదాన్ని. మనలో ఎంతమంది ఆడవాళ్లు మొదటి పేజీ బాగా రాలేదని కలం మూసేసి ఉంటారో! తొలి దోసె చినిగిందని పొయ్యి ఆర్పేస్తామా? అంత గొప్పవాళ్లకీ తొలి దోసె చినిగిందని తెలియడం ఎంత ధైర్యం!

కాబట్టి నాకు తోచింది ఇది. చిత్తుని చిత్తు అని చెప్పి, అసలు దానితో కలపకుండా విడిగా చూపిస్తే తప్పులేదు. కానీ ఏది చూపించాలో తేల్చే బరువు వారసుల మెడకు చుట్టడం మాత్రం న్యాయం కాదు. మా ట్రంకుపెట్టెలో మూడు నవలల చిత్తుప్రతులున్నాయి. ఈ వేసవిలో కూర్చుని చింపేయవలసినవి నేనే చింపేస్తాను. బాగా చెడిపోయిన ఒక్క అధ్యాయం మాత్రం, చెడిపోయిందని పైన రాసిపెట్టి, మా అమ్మాయి కోసం ఉంచుతాను.